అరబ్బులు గ్రీకు గ్రంథాలను ‘భద్రపరిచారు’ అంటే సరిపోతుందా?

చరిత్రపాఠం రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో యూరపు చరిత్ర బోధిస్తాను. మధ్యయుగాలు ముగిసి సాంస్కృతిక పునరుజ్జీవనం మొదలయ్యే పాఠంలో ప్రతి ఏడూ ఒక వాక్యం చెబుతూ వస్తున్నాను. రోమన్ సామ్రాజ్యం పడిపోయాక గ్రీకుల విజ్ఞానాన్ని అరబ్బులు భద్రపరిచి, తరువాత యూరపుకు అప్పగించారన్నదే ఆ వాక్యం. ఈ ఏడు ఒక విద్యార్థిని లేచి, “అప్పగించడానికి అన్ని వందల ఏళ్లు పట్టింది కదా సార్, ఆ మధ్యకాలమంతా వారు ఆ పుస్తకాలను చదవకుండా ఊరికే దాచి ఉంచారా?” అని అడిగింది. నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. పాఠ్యపుస్తకంలోని వాక్యం తప్పు అనలేను, అయితే అది చాలదన్న సంగతి ఆ క్షణంలోనే తెలిసింది. బాగ్దాదు నుంచి స్పెయిన్‌లోని టొలేడో వరకూ, అక్కడి నుంచి పారిస్ వరకూ జరిగిన దానిని విద్యార్థులకు నిజాయితీగా ఎలా చెప్పాలో తెలిసిన సభ్యులు వివరించవలసిందిగా కోరుతున్నాను.

పాతప్రతి రాశారు:

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే సమాధానం సగం ఉంది. ఇతరుల పుస్తకాలను వందల ఏళ్లు చదివిన సమాజం వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఎప్పుడూ ఉంచదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ వైద్యుడు, ప్రాచీన గ్రీకు వైద్యుడైన గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబిక్ భాషలలోకి తెచ్చాడు. ఏ గ్రంథాన్ని ఎవరు అనువదించారో, ఎవరి కోసం చేశారో వివరిస్తూ సుమారు 129 గ్రంథాల జాబితా కూడా రాశాడు. ఆ తరువాతి తరంలోనే అల్ రాజీ అనే వైద్యుడు ‘గాలెన్ మీద సందేహాలు’ అన్న పేరుతో ఒక గ్రంథం రాశాడు. మరో నూరేళ్లకు ఇబ్న్ అల్ హైథమ్, గ్రీకు ఖగోళవేత్త టాలెమీని ప్రశ్నిస్తూ ‘టాలెమీ మీద సందేహాలు’ రాశాడు. ఈ రెండు పేర్లనూ తరగతి గదిలో నల్లబల్ల మీద రాసి చూడండి. అప్పగించడం కోసం దాచిన సొత్తు మీద ఎవరూ సందేహాలు రాయరు.

ఇక టొలేడో సంగతి. ఆ నగరాన్ని 1085లో కాస్టీలు రాజు ఆరవ అల్ఫొన్సో పట్టుకున్నాడు. పాలకులు మారినా అరబిక్ పుస్తకాలూ, అరబిక్ మాట్లాడే క్రైస్తవులూ యూదులూ ఆ ఊరిలోనే ఉన్నారు. 12వ శతాబ్దంలో ఇటలీలోని క్రెమోనా నుంచి జెరార్డ్ అనే పండితుడు అక్కడికి వచ్చాడు. టాలెమీ ఖగోళగ్రంథమైన అల్మజెస్ట్ లాటిన్‌లో దొరకక దానిని వెదుక్కుంటూ వచ్చాడని ఆయన మరణానంతరం శిష్యులు రాశారు. ఒక్క పుస్తకం కోసం వచ్చిన మనిషి అక్కడి గ్రంథరాశిని చూసి, ప్రతి శాస్త్రంలోనూ లాటిన్ వారికి ఉన్న లేమికి జాలిపడి, అరబిక్ నేర్చుకుని జీవితమంతా ఆ ఊరిలోనే గడిపాడు. 1187లో మరణించేనాటికి ఆయన అనువదించినవాటి సంఖ్య 70 దాటింది. అల్మజెస్ట్ అనువాదం 1175 నాటిది. పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా రాసిన వైద్యకోశం కూడా జెరార్డ్ చేతి మీదుగానే లాటిన్‌లోకి వెళ్లి, 17వ శతాబ్దం దాకా యూరపు విశ్వవిద్యాలయాలలో పాఠ్యగ్రంథంగా నిలిచింది.

కాబట్టి ‘అరబ్బులు అప్పగించారు’ అనడం కంటే ‘లాటిన్ పండితులు వెదుక్కుంటూ వెళ్లారు’ అనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఎవరూ మూట కట్టి పంపలేదు. తమకు తెలియనిది అక్కడ ఉందని ఒప్పుకున్నవారు ఇల్లు విడిచి ప్రయాణమై వెళ్లారు. ఇంగ్లండు నుంచి వచ్చిన డేనియల్ ఆఫ్ మోర్లీ అనే ఆయన పారిస్ పండితులను చూసి నిరాశపడి టొలేడో దారి పట్టానని స్వయంగా రాసుకున్నాడు.

లెక్కలమాస్టరు రాశారు:

పాతప్రతి గారు గ్రీకు సొత్తు గురించి చెప్పారు. అదే దారిలో వెళ్లిన మన సొత్తు గురించి ఒక మాట కలుపుతాను, ఎందుకంటే ‘గ్రీకులు, అరబ్బులు, యూరపు’ అన్న మూడు మెట్ల లెక్కలో భారతదేశం పూర్తిగా జారిపోతోంది.

త్రికోణమితిలో మనం రోజూ చెప్పే ‘సైన్’ అన్న పదాన్ని తీసుకోండి. మన తెలుగు రేఖాగణిత పుస్తకాలలో వృత్తం మీది రెండు బిందువులను కలిపే రేఖాఖండాన్ని ‘జ్యా’ అంటాము, అంటే వింటినారి. ప్రాచీన భారతీయ జ్యోతిష్కులు పూర్తి జ్యాకు బదులు అర్ధజ్యాతో లెక్కలు కట్టారు, వాడుకలో దానినే జ్యా అనీ జీవా అనీ అన్నారు. 770ల తొలినాళ్లలో ఖలీఫా అల్ మన్సూర్ ఆస్థానానికి సింధు ప్రాంతం నుంచి ఒక సిద్ధాంతగ్రంథం చేరింది, దాని ఆధారంగా బాగ్దాదులో ‘సింద్‌హింద్’ అనే ఖగోళ సంప్రదాయమే పుట్టింది. జీవా అన్న మాటను అరబ్బులు తమ లిపిలో ‘జీబా’గా రాసుకున్నారు. అరబిక్‌లో సాధారణంగా అచ్చులు రాయరు కాబట్టి, తరువాతివారు అదే అక్షరాలను తమకు తెలిసిన ‘జైబ్’ అన్న మాటగా చదివారు. జైబ్ అంటే వస్త్రపు మడత, ఒడి. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు దానికి అదే అర్థం వచ్చే ‘సైనస్’ అన్న పదం పెట్టారు. ఆ సైనస్ నుంచి వచ్చిందే నేటి సైన్. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి మరొకటి ఉంది. అదే జైబ్ పారశీకం, ఉర్దూల మీదుగా మన ఊళ్లకు వచ్చి చొక్కా ‘జేబు’ అయింది. పదో తరగతి పిల్లవాడు జ్యా, సైన్, జేబు అన్న మూడు మాటలనూ వాడతాడు. వాటి వెనుక ఉన్న ప్రయాణం ఒక్కటేనని ఎవరూ వాడికి చెప్పరు.

సున్న కథ అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. శూన్యాన్ని ఒక సంఖ్యగా స్వీకరించి దానితో కూడిక, తీసివేత నియమాలను బ్రహ్మగుప్తుడు 628లో రాశాడు. శూన్యం అన్న మాటకు అరబ్బులు ‘సిఫ్ర్’ అన్నారు, అంటే ఖాళీ. బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ భారతీయ గణనపద్ధతి మీద రాసిన గ్రంథపు అరబిక్ మూలం నేడు లేదు, దాని లాటిన్ రూపాలే మిగిలాయి. ‘అల్గారిథం’ అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చింది. నేటి అల్జీరియా తీరంలోని బుజియా రేవులో పీసా వర్తకుల తరఫున పనిచేసిన తండ్రి దగ్గర ఉంటూ అక్కడ ఈ అంకెలు నేర్చుకున్న లియొనార్డో, అంటే మనం ఫిబొనాచి అని పిలిచే ఆయన, 1202లో తన గణితగ్రంథాన్ని ఇవి భారతీయుల తొమ్మిది అంకెలు అన్న పరిచయంతోనే ఆరంభించాడు.

అయితే మంచి పద్ధతి వచ్చీ రాగానే అందరూ స్వీకరించారని అనుకోకూడదు. 1299లో ఫ్లారెన్సు నగరపు డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘం లెక్కల పుస్తకాలలో ఈ అంకెలను వాడరాదని కట్టడి చేసింది, మొత్తాలను అక్షరాలలో రాయాలన్నది. అంకెలను దిద్దడం తేలికన్న భయమే కారణమని సాధారణంగా చెబుతారు. బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని నేటికీ అంకెలలోనూ అక్షరాలలోనూ రాయిస్తున్నారంటే ఆ భయం అకారణమని అనలేము.

గ్రీకుబాట రాశారు:

పై ఇద్దరి మాటలూ విలువైనవే. కానీ పాత పొరపాటును సరిదిద్దే ఉత్సాహంలో కొత్త పొరపాటు చేయకూడదని మనవి. అరిస్టాటిల్ గ్రంథాలన్నీ అరబిక్ నుంచే లాటిన్‌లోకి వచ్చాయని చాలామంది రాస్తున్నారు, అది వాస్తవం కాదు. 12వ శతాబ్దంలోనే జేమ్స్ ఆఫ్ వెనిస్ అరిస్టాటిల్ తర్కగ్రంథాలలో కొన్నింటిని నేరుగా గ్రీకు నుంచి అనువదించాడు. 13వ శతాబ్దంలో విలియం ఆఫ్ మూర్‌బెకా అరిస్టాటిల్ రచనలలో అధికభాగాన్ని గ్రీకు నుంచే తెచ్చాడు, ఉన్న పాత అనువాదాలను సవరించాడు. ‘రాజనీతి’ గ్రంథం లాటిన్ పాఠకులకు అందింది ఆయన వల్లనే. అల్మజెస్ట్ కూడా టొలేడో అనువాదానికి కొన్నేళ్ల ముందే సిసిలీలో గ్రీకు నుంచి ఒకసారి లాటిన్‌లోకి వచ్చింది, కాకపోతే ప్రచారంలో నిలిచింది జెరార్డ్ ప్రతి.

మన పాఠ్యపుస్తకాలు బైజాంటియంను, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని, దాదాపు మరచిపోయాయి. గ్రీకు గ్రంథాలు గ్రీకు భాషలోనే కాన్‌స్టాంటినోపుల్‌లో వెయ్యేళ్లపాటు చదవబడ్డాయి, నకళ్లు రాయబడ్డాయి. 1397లో మాన్యుయెల్ క్రిసొలోరస్ అక్కడి నుంచి ఫ్లారెన్సుకు వచ్చి గ్రీకు నేర్పడం మొదలుపెట్టాడు. 1453లో నగరం తురుష్కుల వశమయ్యాకే పండితులు ఇటలీకి పారిపోయి వచ్చారనీ, దానితోనే పునరుజ్జీవనం పుట్టిందనీ చెప్పే వాక్యం మరొక అతిశయోక్తి. అప్పటికి ఆ రాకపోకలు మొదలై అర్ధశతాబ్దం దాటింది.

పాతప్రతి రాశారు:

గ్రీకుబాట గారి సవరణను పూర్తిగా అంగీకరిస్తున్నాను. నా మాటలలో ఆ వైపు లోపించింది. అయితే ఒక విషయం గమనించాలి. మూలపాఠం గ్రీకు నుంచి వచ్చినా, దానిని అర్థం చేసుకోవడానికి పక్కన పెట్టుకున్న వ్యాఖ్యానం అరబిక్ నుంచే వచ్చింది. కావ్యం చేతిలో ఉన్నా వ్యాఖ్యాత లేనిదే ముందుకు సాగని అనుభవం సంస్కృతం చదివిన తెలుగువారికి కొత్త కాదు. మల్లినాథసూరి పేరు తలచుకోకుండా మన పెద్దలు కాళిదాసును పాఠం చెప్పారా?

తత్త్వజిజ్ఞాస రాశారు:

ఆ వ్యాఖ్యాత గురించి చెప్పడానికే వచ్చాను. స్పెయిన్‌లోని కొర్దోబాలో 1126లో పుట్టిన ఇబ్న్ రుష్ద్ వృత్తిరీత్యా న్యాయమూర్తి. అరిస్టాటిల్ గ్రంథాలకు సంక్షిప్త, మధ్యమ, దీర్ఘ వ్యాఖ్యానాలు మూడు స్థాయిలలో రాశాడు. 1195లో పాలకుల ఆగ్రహానికి గురై కొంతకాలం బహిష్కృతుడయ్యాడు, ఆయన తత్త్వగ్రంథాలను తగులబెట్టారు. 1198లో మరణించాడు. ఆయన రచనలలో కొన్ని అరబిక్‌లో నశించి హీబ్రూ, లాటిన్ అనువాదాలలో మాత్రమే మిగిలాయి. దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవెన్సు ప్రాంతంలో ఇబ్న్ తిబ్బోన్ వంశపు యూదు పండితులు తరాల తరబడి చేసిన అనువాదాలు లేకపోతే ఆ మేరకు ఆయన కూడా పోయేవాడు. చరిత్రపాఠం గారి పాఠ్యపుస్తకంలోని ‘భద్రపరచడం’ అన్న మాట ఇక్కడ తలకిందులవుతుంది. అరబిక్‌లో రాసిన తత్త్వవేత్తను భద్రపరిచినవారు యూదులూ క్రైస్తవులూ.

ఆయన మరణించిన ముప్పై నలభై ఏళ్లకే మైకేల్ స్కాట్ వంటివారి అనువాదాలతో ఆ వ్యాఖ్యానాలు పారిస్ చేరాయి. క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ అరిస్టాటిల్‌ను ‘తత్త్వవేత్త’ అనీ, ఇబ్న్ రుష్ద్‌ను పేరు లేకుండా కేవలం ‘వ్యాఖ్యాత’ అనీ ప్రస్తావిస్తాడు. ఇది గౌరవసూచకమే, కానీ అంగీకారం కాదు. మానవులందరిలోనూ ఆలోచించే బుద్ధి ఒక్కటేనన్న ఇబ్న్ రుష్ద్ సిద్ధాంతాన్ని ఖండిస్తూ అక్వినాస్ 1270లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. బుద్ధి అందరికీ ఒక్కటే అయితే మరణం తరువాత వ్యక్తికి మిగిలేది ఏమిటి, పాపపుణ్యాల ఫలం ఎవరిది అన్నవి ఆయనను కలవరపెట్టిన ప్రశ్నలు. జీవుడు ఒక్కడా అనేకులా అని శతాబ్దాలపాటు వాదించుకున్న దేశంలో పుట్టిన మనకు ఆ కలవరం సులభంగానే అర్థమవుతుంది, అయితే రెండు వాదాలూ ఒకటేనని నేను అనడం లేదు.

పారిస్‌లో జరిగిన వరుసను విద్యార్థులకు తప్పక చెప్పండి. 1210లో అక్కడ సమావేశమైన మతాధికారులు అరిస్టాటిల్ ప్రకృతిశాస్త్ర గ్రంథాలనూ వాటి వ్యాఖ్యానాలనూ బహిరంగంగా గాని రహస్యంగా గాని బోధించరాదన్నారు. 1215లో ఆ నిషేధాన్ని విశ్వవిద్యాలయ నియమాలలో చేర్చారు. 1255 నాటికి అదే విశ్వవిద్యాలయపు కళల విభాగం అవే గ్రంథాలను తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. 1277లో పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియే, ఈ చదువుల నుంచి పుట్టిన భావాలతో సహా 219 ప్రతిపాదనలను ఖండించాడు. నలభై అయిదేళ్లలో నిషేధం పాఠ్యాంశంగా మారడం, మరో ఇరవై రెండేళ్లకు మళ్లీ ఖండన రావడం చూస్తే, బయటి ఆలోచన యూరపులోకి ప్రవేశించిన తీరు బహుమతి అందుకున్నట్టుగా లేదు, ఇంటిలో పెద్ద తగాదా జరిగినట్టుగా ఉంది. యూరపు తనదిగా చెప్పుకునే తర్కబద్ధమైన వాదప్రతివాద సంప్రదాయం ఆ తగాదాలోనే గట్టిపడిందని నా నమ్మకం.

మలబారుగాలి రాశారు:

ఒక సందేహం. కేరళలో 14వ శతాబ్దపు మాధవుడూ ఆయన పరంపరవారూ కనుగొన్న అనంతశ్రేణులను జెసూట్ మతప్రచారకులు యూరపుకు తీసుకువెళ్లారనీ, న్యూటన్, లైబ్నిజ్‌ల కలనగణితం అక్కడి నుంచే వచ్చిందనీ చదివాను. సైన్ వెళ్లినట్టే ఇదీ వెళ్లిందని చెప్పవచ్చా?

నక్షత్రదర్శి రాశారు:

మలబారుగాలి గారూ, చెప్పకూడదని నా అభిప్రాయం. ఇది మాధవుడి గొప్పతనాన్ని తగ్గించడం కాదు. వృత్తపరిధికి అనంతశ్రేణిని ఆయన పరంపర యూరపు కంటే రెండు శతాబ్దాలకు పైగా ముందే కనుగొంది, జ్యేష్ఠదేవుడు ఆ ఉపపత్తులను మలయాళ వచనంలో రాసిపెట్టాడు. ఇందులో ఎవరికీ సందేహం లేదు. కానీ అవి యూరపుకు చేరాయని చూపే అనువాదం గాని, ఉత్తరం గాని, నకలు గాని ఇంతవరకూ దొరకలేదు. చార్లెస్ విష్ అనే ఇంగ్లీషు ఉద్యోగి రాసిన వ్యాసం 1834లో వెలువడిన తరువాతే యూరపు పండితులకు ఆ సంగతి తెలిసిన దాఖలా ఉంది. సైన్ విషయంలో మనకు జీవా, జైబ్, సైనస్ అన్న మెట్లు వరుసగా కనిపిస్తున్నాయి. ఇక్కడ మొదటి మెట్టు ఉంది, చివరి మెట్టు ఉంది, నడుమ ఏమీ లేదు.

ఇదే కొలబద్దను అరబ్బుల పక్షాన కూడా పాటించాలి. గ్రహం ఒక వృత్తంలో తిరుగుతూ, ఆ వృత్తకేంద్రం కాని మరొక బిందువు నుంచి చూసినప్పుడు మాత్రమే సమవేగంతో కదులుతుందని టాలెమీ పెట్టిన ఏర్పాటు ఇబ్న్ అల్ హైథమ్‌కు నచ్చలేదు. 1259లో నేటి ఇరాన్‌లోని మరాఘాలో వేధశాల నెలకొల్పిన నసీరుద్దీన్ తూసీ, ఒక వృత్తం లోపల దానిలో సగం వ్యాసం గల మరొక వృత్తాన్ని దొర్లిస్తే దాని అంచు మీది బిందువు సరళరేఖలో ముందుకూ వెనుకకూ కదులుతుందని నిరూపించి, ఆ చిక్కును విప్పడానికి దారి చూపాడు. 14వ శతాబ్దంలో దమాస్కసు మసీదులో నమాజు వేళలు లెక్కకట్టే ఇబ్న్ అల్ షాతిర్ కొత్త చంద్రగమన నమూనా తయారుచేశాడు. 1543 నాటి కోపర్నికస్ గ్రంథంలో తూసీ ఉపాయమూ ఉంది, ఇబ్న్ అల్ షాతిర్ చంద్రగమనమూ ఉంది. ఈ పోలికను ఆధునిక పరిశోధకులు 1957లో వెల్లడించారు. అల్ బత్తానీ వంటి పాత అరబ్బు ఖగోళవేత్తలను కోపర్నికస్ పేరు పెట్టి ప్రస్తావించాడు, ఈ ఇద్దరి పేర్లు మాత్రం చెప్పలేదు. తూసీ ఉపాయం ఉన్న ఒక బైజాంటైన్ గ్రీకు రాతప్రతి వాటికన్ గ్రంథాలయంలో ఉంది కాబట్టి నడుమ ఒక మెట్టు కనిపిస్తోంది. అయినా ఆయన చేతికి అది ఎలా వచ్చిందన్నది రుజువు కాలేదు. పైగా ఇబ్న్ అల్ షాతిర్ లెక్కలో భూమి కేంద్రంలోనే ఉంది. సూర్యుణ్ని నడుమ నిలపడం కోపర్నికస్ సొంతం.

దృష్టిశాస్త్రంలో మాత్రం మెట్లన్నీ పదిలంగా ఉన్నాయి. కంటి నుంచి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న యూక్లిడ్, టాలెమీల మాటను ఇబ్న్ అల్ హైథమ్ కాదని, వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందన్నాడు. ఆ గ్రంథం లాటిన్‌లోకి వచ్చింది, 13వ శతాబ్దపు యూరపు పండితులు రోజర్ బేకన్, విటెలో దానిని చదివారు, 1572లో బాసెల్‌లో అచ్చయింది, 1604లో కెప్లర్ విటెలోకు అనుబంధంగా రాసిన గ్రంథంలో రెటీనా మీద ప్రతిబింబం ఏర్పడే తీరును వివరించాడు.

బందరుతీరం రాశారు:

చర్చ తెలుగునేల మీదకు వచ్చే సందర్భం ఒకటి ఉంది, విషయం దాటిపోవడం లేదనే నమ్మకంతో చెబుతున్నాను. భాషలను కుటుంబాలుగా విభజించి పోల్చే శాస్త్రాన్ని యూరపు 19వ శతాబ్దపు గొప్ప సాధనగా చెబుతారు. 1816లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్ క్రియారూపాలను పోల్చిన గ్రంథం జర్మనీలో వెలువడింది. సరిగ్గా అదే ఏడు మద్రాసులో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి రాసిన ఉపోద్ఘాతంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదనీ, వాటిది వేరే కుటుంబమనీ నిరూపించాడు. ద్రావిడ భాషలను పోల్చిన కాల్డ్‌వెల్ గ్రంథం 1856 నాటిది, అంటే ఎల్లిస్ మాట దానికి నలభై ఏళ్ల ముందుది.

ఆ నిరూపణకు ఎల్లిస్ వాడిన పనిముట్లు ఎవరివి? తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అన్న మన వ్యాకర్తల విభజన ఆయన వాదానికి వెన్నెముక. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ నుంచి ఆ విభజనను ఉదాహరించాడు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో ప్రధాన పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను సంస్కృత ధాతువులతో పోల్చాడు. మన పండితులు దేశ్యం అని వేరు చేసి పెట్టిన మాటల రాశిలోనే ఎల్లిస్‌కు వేరొక కుటుంబం కనిపించింది. ఆ రాశి లేనిదే ఆ చూపు లేదు, ఆ చూపు లేనిదే ఆ రాశికి కొత్త అర్థం రాలేదు.

చరిత్రపాఠం రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. బాగ్దాదు నుంచి టొలేడోకూ అక్కడి నుంచి పారిస్‌కూ బల్ల మీద ఒకే ఒక బాణం గీసి చూపే అలవాటు ఇక మానుకుంటాను. గ్రీకుబాట గారు చెప్పిన బైజాంటియం దారినీ, ప్రొవెన్సు యూదుల దారినీ, సింధు నుంచి బాగ్దాదుకు వెళ్లిన దారినీ వేరువేరుగా గీస్తాను. నక్షత్రదర్శి గారు చెప్పినట్టు నడుమ మెట్టు లేని చోట గీత గీయను. పాఠం మాత్రం జేబు అన్న మాటతో మొదలుపెడతాను.

బందరుతీరం గారి మాట చదివాక ఒక ప్రశ్న మిగిలింది. ఎల్లిస్ పక్కన పట్టాభిరామశాస్త్రి ఉన్నట్టు, టొలేడోలో జెరార్డ్ పక్కన కూర్చుని అరబిక్ వాక్యాలను విప్పి చెప్పినవారు ఎవరైనా ఉన్నారా? వారి పేర్లు మిగిలాయా?

పాతప్రతి రాశారు:

ఉన్నారు. ఇబ్న్ సీనా ఆత్మశాస్త్ర గ్రంథానికి టొలేడోలో జరిగిన అనువాదపు అంకితంలో అవెందౌత్ అనే యూదు పండితుడు ఆ పద్ధతినే వర్ణించాడు. తాను ఒక్కొక్క మాటనూ అక్కడి వాడుకభాషలో చెబుతూ పోతే, డొమినికస్ అనే క్రైస్తవ మతాధికారి ఒక్కొక్క మాటనూ లాటిన్‌లోకి మార్చాడని రాశాడు. అంటే అరబిక్‌కూ లాటిన్‌కూ నడుమ ఆ ఊరి వీధులలో జనం మాట్లాడుకునే భాష ఉంది, అది కాగితం మీదకు ఎక్కకుండా గాలిలోనే పోయింది.

జెరార్డ్ విషయానికి వస్తే, అల్మజెస్ట్‌ను ఆయనకు టొలేడో వాడుకభాషలో వివరించిన వ్యక్తి పేరు గాలిబ్ అనీ, ఆయన అరబిక్ మాట్లాడే క్రైస్తవుడనీ పైన చెప్పిన డేనియల్ ఆఫ్ మోర్లీ రాశాడు. లాటిన్‌లో ఆ పేరును గాలిప్పుస్ అని మార్చాడు. జెరార్డ్ శిష్యులు గురువు అనువదించిన డెబ్భైకి పైగా గ్రంథాల పేర్లు వరుసగా రాసిపెట్టారు, ఆ పట్టికలో గాలిబ్ పేరు లేదు.